నాదపీట మహిమ

వీణంటే జనం చెవి కోసుకునే రాజ్యం ఒకటుండేది. అక్కడ రత్నాకరం అనే వర్తకుడు నాదపీటలు అమ్మేవాడు. వీణ కింద తన పీట పెడితే నాదంలో తేనె కారుతుందనేవాడు. మొదట్లో ఒక మేకకి వచ్చిన పీట, ఏడాది తిరిగేసరికి ఆవు ధర పలికింది. ఇప్పుడేమో కాడెద్దులు రెండూ ఇస్తే గాని రాదంటున్నాడు.

బండి తోలే నూకయ్యకి సాయంత్రమైతే వీణ వాయించుకోవడమే సుఖం. అతను పీట కోసం ఎద్దుల్ని విప్పుతుంటే పెళ్లాం పైడమ్మ అడ్డొచ్చింది. "ఉండయ్యా!" అని, నేరుగా రాజసభకే నడిచింది. ఆ ఇల్లాలి ధైర్యం చూడండి! రాజుగారు రత్నాకరాన్ని కూడా పిలిపించారు.

"మహాప్రభో! ఈ బాబుగారి కళ్లకి గంతలు కడతాను. వీణ కింద పీట ఉందో లేదో విని చెబితే మా ఎద్దులు ఆయనవే. చెప్పలేకపోతే పుచ్చుకున్న పశువుల్ని ఎవరివి వాళ్లకి తోలెయ్యాలి."

రత్నాకరం మీసం దువ్వి ఒప్పుకుని, ఒక పీట ఆమె చేతికిచ్చాడు. పైడమ్మ గంతలు కట్టి, మర్యాదగా కూర్చోబెట్టింది. ఆస్థాన విద్వాంసుడు వీణ అందుకున్నాడు.

"ఆహా, పీట పెట్టారు!" అని తలూపాడు రత్నాకరం. కాసేపటికి, "ఛీ, తీసేశారు," అని మొహం చిట్లించాడు. అంతలోనే, "ఇదిగో, మళ్లీ పెట్టారు!" అని పరవశించిపోయాడు.

సభలో వాళ్లు నవ్వాపుకోలేక పైగుడ్డలు నోట్లో కుక్కుకున్నారు. అతను గంతలు విప్పి చూస్తే, వీణ ఉత్త నేలమీద ఉంది.

"ఏమే, నా పీటేదీ?"

"పెద్దమనుషుల్ని కటిక నేలమీద కూర్చోబెడతామా బాబూ? ఇందాకట్నుంచీ మీరు దానిమీదే కూర్చున్నారు."