పరాయి చేతి ముద్ద

కడుపు మాడిన కుక్కే బాగా కాపలా కాస్తుందని జగ్గభూపతి నమ్మకం. అందుకే ఖజానా గుమ్మం దగ్గర కట్టేసిన నల్లకుక్కకు రెండు రోజులకోసారి గంజి పోయించేవాడు. అదే నమ్మకంతో కోట భటుల బత్తెం కూడా సగం కోసేశాడు.

కుక్క ఎముకలు పైకి తేలాయి. దాన్ని సాకే నూకాలు చూడలేక తన చద్దిలో సగం పెట్టి, పట్టుబడింది.

"కాపలా చెడగొట్టావు. కోట విడిచిపో!" అన్నాడు రాజు.

"పోతాను దొరా. ముందు దాని కట్టు విప్పించి, ముక్కూ ముఖం తెలియనివాడి చేత ఈ చద్దిముద్ద చూపించండి."

అప్పుడే కోటకు వచ్చిన ఉప్పు వర్తకుడు ముద్ద పట్టుకుని నిలబడ్డాడు. కుక్క మొరగలేదు. సగం ముద్ద తిని, ఖజానా వదిలేసి, తోకాడిస్తూ అతని వెంట నడిచింది.

"ఇతను ఉప్పు అమ్ముకునేవాడు దొరా. రేపు శత్రువు చేతిలోనూ అన్నమే ఉంటుంది. మాడే కడుపుకు యజమాని ఎవరో గుర్తుండదు."

రాజు మండిపడి, "ఎవరక్కడ? ఈ ఆడదాన్ని గెంటేయండి!" అని అరిచాడు.

ఒక్క భటుడూ కదల్లేదు. వాళ్ళందరి కళ్ళూ వర్తకుడి చేతిలో మిగిలిన సగం ముద్ద మీదే ఉన్నాయి.