చిరుతను తరిమిన రెజ్యూమె

తుమ్మలగుట్ట అడవిలో ఏనుగమ్మ బిజినెస్ స్కూల్ పెట్టిందనగానే జంతువులన్నీ ఎగబడ్డాయి. చివరికి ఒకే ఒక్క సీటు మిగిలింది. దానికి ఇద్దరు పోటీ. సంతలో నూకల కొట్టు నడుపుకునే కోడి చుక్కమ్మ ఒకరు. ఏ పనీ పాటా లేని నక్క జంబుకయ్య ఇంకొకరు.

పాపం, చుక్కమ్మ కొట్టు మునిగేలా ఉంది. కాకులు గీచి గీచి బేరమాడితే కాదనలేదు, పందికొక్కులు తూకంలో మోసం చేస్తే పట్టుకోలేదు. ఈ చదువు అబ్బకపోతే కొట్టు మూసుకోవాలి, పిల్లలు పస్తులుండాలి. అడవిలో రాత బాగా వచ్చినవాడు జంబుకయ్యే కాబట్టి రెజ్యూమె కోసం అతని దగ్గరికే వెళ్లింది.

“ఏం చేశావో చెప్పు, రాస్తాను” అన్నాడు నక్క.

“నెత్తిన గద్ద తిరుగుతున్నా పిల్లల్ని రెక్కల కింద దాచుకుని కొట్టు నడిపాను మామా. వానకు నూకలు తడిస్తే ఆరబెట్టి, తడిసినవని చెప్పే అమ్మాను.”

“ఛ, ఇదీ ఓ గొప్పేనా! గుమ్మం కూడా తొక్కనివ్వరు” అంటూ నక్క గబగబా గీకి చదివాడు. “‘చిరుతపులిని ఒంటరిగా తరిమికొట్టి సంతను కాపాడిన ఘనత!’ ఎలా ఉంది?”

ఇది చదివి ఏనుగమ్మ కోడిని చూసి నవ్వి పంపేస్తుంది, సీటు నాదే అని వాడి ఎత్తు.

చుక్కమ్మ మెడ వంచి ఒక కంటితో కాగితం వైపు చూసింది.

“అబ్బ, ఎంత బాగా రాశావు! కానీ కోడి చిరుతను తరిమిందంటే ఎవరు నమ్ముతారు మామా? నీ ఒడ్డూపొడుగుకైతే నప్పుతుంది. నువ్వూ ఆ సీటుకే పెట్టుకున్నావటగా! ఇది నువ్వుంచుకో, నాకు నే చెప్పిందే రాసివ్వు.”

పొగిడేసరికి జంబుకయ్య తోక గుబురుగా లేచింది. నిజమే సుమా అనుకుని, చుక్కమ్మకు ఆమె చెప్పిందే రాసిచ్చాడు.

“ఇంతకీ నిజంగా తరిమావా మామా? అడిగితేనో?”

“పిచ్చిదానా! చిరుతను పిలిచి అడుగుతారా ఏంటి?”

మర్నాడు ముందుగా జంబుకయ్యనే ఇంటర్వ్యూకు పిలిచారు. మీసం దువ్వుకుంటూ లోపలికెళ్లాడు. ఏనుగమ్మ రెజ్యూమె పైకి చదివి పక్కకు తిరిగింది.

“మాస్టారూ, ఇదేదో మీ సంగతిలా ఉందే!”

బేరసారాల పాఠం చెప్పడానికి కొత్తగా చేరిన చిరుత మాస్టారు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

“నన్ను తరిమావా నాయనా? సంతోషం. నాకు గుర్తు రావడం లేదు. ఏదీ, ఓసారి మళ్లీ తరుము, చూద్దాం.”

జంబుకయ్య కిటికీలోంచి దూకిన దూకుడికి కాగితం కూడా వెనకే ఎగిరింది.

తర్వాత చుక్కమ్మ వంతు.

“తడిసిన నూకలని చెప్పి అమ్మితే నష్టం రాలేదూ?” అంది ఏనుగమ్మ.

“ఆ వారం వచ్చిందమ్మా. ఆ నమ్మకంతోనే జనం ఇంకా నా కొట్టుకొస్తున్నారు. బేరం ఒక్కటే నేర్పండి, కాకులు నన్ను దోచేస్తున్నాయి!”

మాస్టారు ఫక్కున నవ్వాడు. సీటు చుక్కమ్మకే వచ్చింది.

ఆమె ఆనందంగా తిరిగొస్తుంటే పొదలోంచి జంబుకయ్య తల బయటపెట్టాడు.

“చుక్కమ్మా, చిరుత అక్కడున్నాడని నీకు ముందే తెలుసా?”

“నిన్న పొద్దున స్కూలు పెరట్లో గింజలేరుకుంటుంటే కనపడ్డాడు. అందుకేగా, నిజంగా తరిమావా అని నిన్ను అడిగింది!”

చేసిందే రాసుకోవాలి. లేనిది రాస్తే, అడిగేవాడు ఎదురుగానే కూర్చుని ఉంటాడు.