బోర్డులు తారుమారైన రెండు కొట్లు

ఒకప్పుడు కంప్యూటర్‌లో ఉండేవాళ్ళందరి మాటా ముప్పైరెండు గళ్ళే. గడికొక సున్నానో, ఒకటో. పనిముట్లు దాచుకునే కొట్టుకీ '32' అనే బోర్డు ఉండేది.

మాణిక్యమ్మ అనే ముగ్గుల ప్రోగ్రాం ఆ కాలంది. పొద్దున్నే తెర మీద ముగ్గు పెట్టడం ఆమె పని.

ఒకనాడు అరవైనాలుగు గళ్ళ యంత్రం వచ్చింది. దాంతోపాటు పెద్ద పెద్ద నోళ్ళ కొత్తవాళ్ళు దిగారు. పనులు పంచే మునసబు వాళ్ళకోసం '64' అని బోర్డు రాయించాడు. ఎవడు చూశాడు? తాతలనాటి అలవాటు కొద్దీ ఆ కొత్తవాళ్ళందరూ బిలబిలమంటూ '32' కొట్లోకే దూరి, తమ పనిముట్లు సర్దుకున్నారు. కొత్త బోర్డు మూలపడింది.

పాపం, మాణిక్యమ్మా అక్కడికే వెళ్ళింది. వాళ్ళు తెర చిరునామా అరవైనాలుగు గళ్ళలో చెప్పారు. ఆమె సంచిలో సగమే పట్టింది. ఆ సగంతో వెళ్ళి, తెర అనుకుని, గడియారం మొహాన పదకొండు చుక్కల ముగ్గు పెట్టేసింది.

"ఏం పనే తల్లీ ఇది? పదింటికి ఏడు కొట్టాను," అని గడియారం లబోదిబోమంది.

"రేపు ముగ్గు సరిగ్గా పడకపోతే నిన్ను చెత్తబుట్టలో వెయ్యక తప్పదమ్మా," అన్నాడు మునసబు.

అప్పుడొచ్చాడు దుబాసీ సింహాద్రి. దుబాసీ అంటే ఇటు మాట అటు చేరవేసేవాడు. పూర్వం రేవుల్లో ఓడ దిగినవాడికల్లా ఒకడుండేవాడు, అది వేరే కథ.

"ఈ వయసులో అరవైనాలుగు నేర్వలేను నాయనా," అందామె.

"నేర్వొద్దత్తా. నీ మాట ముందు ముప్పైరెండు సున్నాలు నేను తగిలిస్తా. సున్నాకి బరువేముంది? నీకిచ్చే చోట్లన్నీ మొదటి వీధిలోవే ఇప్పిస్తా. ఆ చిరునామాలు చిన్నవి, నీ సంచిలో పడతాయి."

"మరి నా పనిముట్లో?"

"నువ్వు '32' కొట్టు అనే అడుగు. చెయ్యి పట్టుకు తీసుకెళ్తా."

వెనక సందులో ఇంకో కొట్టు కట్టి, ఆమె పాత పనిముట్లు సర్దాడు. బోర్డు కావాలిగా? మూలపడ్డ '64' ఉంది. దాన్నే తగిలించాడు.

మర్నాడు ముగ్గు చక్కగా తెర మీదే పడింది.

"ఏడైందక్కా," అంది గడియారం.

"ఈసారి నిజంగానేనా?" అంది మాణిక్యమ్మ.

అప్పటినుంచే ఆ కంప్యూటర్లో అరవైనాలుగు గళ్ళవాళ్ళ కొట్టుకి '32' అనీ, ముప్పైరెండు గళ్ళవాళ్ళ కొట్టుకి '64' అనీ బోర్డులున్నాయి. మాణిక్యమ్మ మాత్రం తాను '32' కొట్లోకే వెళ్తున్నాననుకుంటోంది. మీరెవరూ చెప్పకండి, ముగ్గు చెదురుతుంది.