గూడుశెట్టి స్వామి గొంతు

పూర్వం, అంటే కృతయుగంలోనో త్రేతాయుగంలోనో కాదు, మన జొన్నవీడుకు మొట్టమొదట పొగబండి వచ్చిన కాలంలో, రైలు కంపెనీ దొరలు స్టేషనుకు పడమటి దిక్కున నల్లరాతితో విశాలమైన కట్టడమొకటి నిర్మింపజేసి, సరుకులు దించుకునే ఆ మందిరానికి తమ భాషలో గూడ్సు షెడ్డు అని నామకరణం చేసి తమ దారిన తాము వెళ్లిపోయారు. ఆ శబ్దం మనవాళ్ల నోట పడి నలిగి నలిగి, ఏ ముహూర్తాన మారిందో తెలియదు గాని, గూడుశెట్టి అయి కూర్చున్నది. జొన్నలెక్కడివంటే గూడుశెట్టి దగ్గరివి, ఉప్పెక్కడిదంటే గూడుశెట్టి దగ్గరిది. ఇంత సరుకు గల మహానుభావుడు ఎట్లా ఉంటాడోనని జనం ఊహించి ఊహించి ఆయనకు తలపాగా, చెవిపోగులు, చివరకు ఇద్దరు భార్యలను కూడా సమకూర్చారు. ఇద్దరెందుకని నన్నడగకండి. ఆయనకు నిత్యం దీపం పెట్టే అర్చకుణ్ణే అయినా నాకూ అంతుపట్టలేదు.

ఆ దినాలలో తిప్పమ్మ అనే పరమభక్తురాలు ఆ షెడ్డు ఊడ్చేది. ఆమెకు జీతమంటూ లేదు. బస్తాలు మోసేటప్పుడు జారి నేలపాలైన గింజలే ఆమె కూలి. చచ్చిపోయిన కూతురి బిడ్డలిద్దరికీ ఆ గింజలు చెరిగి, మట్టిబెడ్డలు ఏరి, విసిరి, సంగటి చేసి పెట్టేది. చీపురు పట్టేముందు తలుపుకు మొక్కి, శెట్టి పిల్లాపాపలతో చల్లగా ఉండాలని కోరుకునేది. ఆయనను ఎన్నడూ చూడలేదన్న దిగులు ఆమెకు లేదు, షావుకార్లు పేదసాదలకు కనబడకపోవడం లోకంలో ఉన్నదే కదా.

ఇట్లుండగా వానలు మొహం చాటేసిన ఒక సంవత్సరం వరదాచార్యులనే గూడ్సు గుమాస్తా ఈ ఊరికి బదిలీపై విచ్చేశారు. మహా నిష్ఠాపరులు, అసత్యమాడి ఎరుగరు, షెడ్డు తాళంచెవి జంధ్యానికి కట్టుకుని నిద్రలో కూడా విప్పని మనిషి. కిందపడినంత మాత్రాన పరుల సొమ్ము మనదైపోతుందా అని ఆయనకు ధర్మసందేహం కలిగి, ఊడ్చిన ప్రతి గింజా తిరిగి బస్తాలోకే చేరాలని ఆజ్ఞాపించారు. ఆ ఒక్క మాటతో తిప్పమ్మ పొయ్యి ఆరిపోయింది. అసలే కరువు, ఊళ్లో ఇంకెక్కడ అడిగినా పిడికెడు గింజలు పుట్టని రోజులు.

శెట్టి తన నోటితో చెప్తే తప్ప చీపురు వదలనని ఆమె భీష్మించింది. ఏ శెట్టి అని ఆచార్యులవారు అడిగితే షెడ్డువైపు చెయ్యి చూపింది. గూడ్సంటే సరుకులనీ, షెడ్డంటే కొట్టమనీ, శెట్టీ లేడు గిట్టీ లేడనీ ఆయన ఎంతో ఓపికగా బోధించారు. తిప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పురాణం విన్నంత భక్తిగా ఆసాంతం విన్నది.

"అంతా బాగుంది సామీ, శెట్టి ఎప్పుడొస్తాడో అది చెప్పు" అన్నది.

ఆచార్యులవారికి మతిపోయింది. హమాలీల మేస్త్రి ఖాసీం సాహెబును పిలిచి విచారిస్తే, తాను చూడలేదు గాని తన తండ్రి ఒకసారి శెట్టిగారిని నిప్పడిగి చుట్ట ముట్టించుకున్నాడని చెప్పాడు. వర్తకుల నడిగితే పెదబజారు వారు చినబజారు వైపు చూపారు, చినబజారు వారు పెదబజారు వైపు చూపారు. పొద్దు వాలేసరికి ఆయన తనలో తాను, ఒకవేళ ఉన్నాడేమో, అని గొణుక్కున్నారని వినికిడి.

మరునాడు తిప్పమ్మ బిడ్డలను ఇరుపక్కలా కూర్చోబెట్టుకుని మూసిన తలుపు ముందు బైఠాయించింది. పిల్లవాడు ఆకలికి ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాడు. పిల్లది మాత్రం గడప రాళ్ల సందులో ఇరుక్కున్న జొన్నగింజనొకదాన్ని పుల్లతో గీకి తీసి, ఇది తినొచ్చా అవ్వా, శెట్టి కోప్పడతాడా, అని అడిగింది. అది విన్నవారిలో ఆచార్యులవారు కూడా ఉన్నారు. ఆయన అక్కడినుంచి వెళ్లిపోయారు.

కాసేపటికి, తాళం వేసిన షెడ్డు లోపలినుంచి ఒక గొంతు వినిపించింది.

"తిప్పమ్మా, కింద పడింది నీదే. ఊడ్చుకో."

ఇక్కడే నాకు తికమక. వెనుక పట్టాలవైపు ఇంకో తలుపుంది, ఆచార్యులవారే అటునుంచి దూరి పలికారని కొందరంటారు. ఆ వేళ తాను ఇంట్లో భోజనం చేస్తున్నానని ఆయన తాళంచెవి పట్టుకుని ప్రమాణం చేశారు. ఆనాడు మావారు అన్నం ముట్టనేలేదని వారి ధర్మపత్ని చెప్పింది. అసత్యమాడని మనిషి ప్రమాణం నమ్మాలా, వండి కూర్చున్న ఇల్లాలి మాట నమ్మాలా? తలుపు తీసి చూస్తే నిండు బస్తా ఒకటి కుట్లు విడిపోయి, జొన్నలు నేలమీద గుట్టగా పడి ఉన్నాయి. ఎలుకల పనని ఒకరు, లీల అని ఒకరు. ఆచార్యులవారు మాత్రం చీపురు తెచ్చి, రెండు చేతులా తిప్పమ్మకు అందించారు. ఆమె చేతులాడినంతకాలం ఆ ఊడ్పుకు మళ్లీ ఎవరూ అడ్డు చెప్పలేదు.

చాలా ఏళ్లకు తిప్పమ్మ అవసానదశలో ఉన్నదని తెలిసి, అప్పటికే ఉద్యోగం విరమించిన ఆచార్యులవారు చూడవచ్చారు.

"సామీ, ఆ పొద్దు శెట్టి నీ గొంతుతోనే మాట్లాడినాడు. నిన్నడిగి తీసుకున్నాడా, అడక్కుండా తీసుకున్నాడా?" అన్నదామె.

"అడక్కుండానే తీసుకున్నాడమ్మా" అని ఆయన ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు ఆ పట్టాలమీద గూడ్సుబండి ఆగదు. స్వామివారి గుడి అయిపోయిన షెడ్డులో బస్తాలు లేవు, పసుపు రాసి బొట్టు పెట్టిన చీపురు మాత్రం మేకుకు వేలాడుతున్నది. ఏటేటా కల్యాణంలో స్వామివారి గోత్రం చెప్పవలసి వచ్చినప్పుడు నేను గట్టిగా దగ్గుతాను. రెండు ఇంగ్లీషు మాటలకు గోత్రం ఎక్కడినుంచి తేను? ఇక్కడ ప్రసాదం చేతికివ్వకూడదు. భక్తులు తెచ్చిన జొన్నలు గడపమీద గుమ్మరించి, నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకుని, కింద పడింది నీదే, ఊడ్చుకో, అని పలకాలి. పలికిన ప్రతిసారీ నా గొంతు నాకే కొత్తగా వినబడుతుంది. అది ఎవరిదని బయట ఏ తల్లీ అడగదు, చీపురు చప్పుడు మాత్రం వినిపిస్తుంది.