నర్సయ్యమ్మ పెనం

ఏటికి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, ఆ ఏటి ఒడ్డున ఓ ఊరుండేది. ఊరికి మూడు వైపులా చెరకు, నాలుగో వైపు ఏరు. చలికాలం వచ్చిందంటే గానుగలు కిర్రుమనేవి, బెల్లం వాసన పొరుగూరి దాకా పోయేది. అబ్బ, ఏం వాసనలెండి! ఆ వైపు ముసలాళ్లకి ఇప్పటికీ చలిగాలి తగలగానే అదే గుర్తొస్తుంది.

ఊరంతటికీ బెల్లం వండేవాడు ఒక్కడే, దాలయ్య. పాకం దించే వేళయ్యేసరికి, చెరకు రసం కాచే ఆ పెద్ద పెనం చుట్టూ పంచె అడ్డం కట్టేసేవాడు.

"ఎప్పుడు దించాలో ఎలగ తెలుస్తాది మావా?" అని ఎవరైనా అడిగితే, "నా సేతికి తెలుస్తాది" అనేవాడు. ఆపైన కొట్టి చంపినా నోరు విప్పేవాడు కాదు.

ఆ పెనం కింద, పొయ్యి మూతి దగ్గర నేల మీద కూర్చుని, చెరకు పిప్పి వేస్తూ మంట నిలబెట్టే మనిషి నర్సయ్యమ్మ. నా అన్నవాళ్లు లేరు. పొగకి కళ్లు ఎర్రబడి, దగ్గు పట్టుకుని, ఉందో లేదో అన్నట్టుండేది. కింద కూర్చున్నదానికి పెనంలో సంగతి ఏం కనపడుతుందిలే అనుకున్నాడు దాలయ్య.

కనపడలేదు, నిజమే. కానీ వినపడింది. ముప్పై చలికాలాలు వింది. రసం మొదట సలసలమంటుంది. తర్వాత కుతకుతమంటుంది. చివరికి గుబుక్కు గుబుక్కుమని బరువుగా గుటకలేస్తుంది. దాలయ్య "దించండిరా" అనేది ఎప్పుడూ ఆ గుటకల తర్వాతే.

ఓ ఏడు గానుగ కట్టే ముందు దాలయ్య కన్నుమూశాడు. విద్య ఆయన వెంటే పోయింది. పొలాల్లో చెరకు కోతకొచ్చి ఉంది. ఊరు తల పట్టుకుంది.

మొదటి పెనం ఊరి పెద్ద కొండల నాయుడు వండాడు. తొందరపడి దించితే దిమ్మ కట్టక జారిపోయింది. రెండో పెనం ఆయన తమ్ముడు వండాడు. మాడి బొగ్గయింది. మూడో పెనం అన్నదమ్ములిద్దరూ కలిసి వండారు. దించుదామని ఒకడు, అప్పుడే వద్దని ఒకడు వాదించుకుంటుంటే, పాకం కాస్తా పెనానికే అంటుకుపోయింది.

అప్పుడు పొయ్యి మూతి దగ్గరనుంచి నర్సయ్యమ్మ మెల్లగా లేచింది.

"బాబూ, నన్నోసారి సూడనిస్తారా?"

జనం నవ్వారు. ఎలాగూ పోయేదేగా అని నవ్వుతూనే పెనం ఇచ్చారు. ఆమె కళ్లు మూసుకుని నిలబడింది. సలసల అయింది. కుతకుత అయింది. గుబుక్కుమంది.

"ఇప్పుడు దించండి" అంది.

బంగారం రంగు బెల్లం! నవ్వినవాళ్లే ముక్క కోసం చేతులు చాచారు.

కొండల నాయుడు ఆమెని పక్కకి పిలిచాడు. "అప్పా, ఈ విద్య నీ దగ్గరే దాసుకో. ఎవులికీ సెప్పకు. పెనానికో బెల్లం దిమ్మ ఇస్తాం. కూకోడానికి పీట ఏయిస్తాను."

నర్సయ్యమ్మకి ఆశ కలగలేదని అనలేం. ముప్పై ఏళ్లు నేల మీద కూర్చున్న మనిషికి పీటంటే మాటలా? కానీ అప్పుడే దగ్గొచ్చింది. దగ్గి దగ్గి, ఊపిరి చిక్కాక అంది:

"దాలయ్య మావా దాసుకున్నాడు బాబూ. ఏమయ్యింది? నా దగ్గు మీకూ ఇనపడతాది కదా. నానెన్నాళ్లుంటాను? ఏడాదికో పెనం నాకియ్యండి. రానోల్ల సేత వండిస్తాను."

"సెడగొట్టెత్తారే!"

"సెడితే సెడనీండి బాబూ. సెయ్యి నేర్సుకుంటాది."

"పెనం రసానికి ఎడ్లెంత తిరగాలో ఎరగవా? పారబొయ్యడానికా తిప్పేది?"

"అలగైతే ఆ దిమ్మలు నాకొద్దు. సెడిన పెనానికి బదులు అట్టే పెట్టీసుకోండి."

కష్టపడి సంపాదించుకున్నది అలా వదిలేసుకుంది పిచ్చిది. నాయుడు సరేనన్నాడు.

మొదటి ఏడు కుమ్మరి కోడలు సన్యాసమ్మ వండింది. మాడ్చింది. ఊరంతా ఆడిపోసుకుంటే మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. నర్సయ్యమ్మ మాడుముక్క విరిచి నోట్లో వేసుకుని, "ఎంత బాగుందో! రండి, తినండి" అంది. తిన్నవాళ్లు చేదుకి మొహాలు చిట్లించారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. సన్యాసమ్మా నవ్వింది. మర్నాడు రెండో పెనం తనే సరిగ్గా దించింది.

రెండో ఏడు చాకలి గురవయ్య వండాడు. జారిపోయింది. "సెడితే సెడనీ, సెయ్యి నేర్సుకుంటాది" అంది నర్సయ్యమ్మ. ఊరు వేళ్లతో నాక్కుని తింది.

మూడో ఏడు వానల్లేవు. ఉన్న చెరకంతా కలిపి పది పెనాలు. నర్సయ్యమ్మ అప్పటికే లేవలేకపోతోంది. మంచంతో సహా మోసుకొచ్చి పొయ్యి దగ్గర దించారు. కొండల నాయుడు పెనానికి అడ్డం నిలబడ్డాడు.

"ఈ ఏడు కుదరదప్పా. ఉన్నయ్యే పది."

"పదున్నపుడే నేర్పాల బాబూ. సెయ్యి లేకపోతే వందున్నా ఏటి సేస్తారు?"

నాయుడు పక్కకి తప్పుకున్నాడు. ఆనక తలపాగా తీసి పక్కన పెట్టి, తెడ్డు అందుకున్నాడు.

"అలగైతే ఈ ఏడు నానే నేర్సుకుంటాను. సెప్పు."

ఆయన ఈసారీ చెడగొట్టాడనుకోండి. నర్సయ్యమ్మ మంచంలో పడి పడి నవ్వింది. ఆ గానుగ కాలం ముగియకముందే, నిద్దట్లోనే పోయింది.

ఏళ్లు గడిచాయి. నేర్చినవాళ్లు నేర్పారు. వండే చేతులు ఇరవై అయ్యాయి. అప్పుడొచ్చింది వరద. గానుగల్ని ఎత్తుకెళ్లింది, ఎడ్లని ఎత్తుకెళ్లింది, చేలో చెరకుని ఎత్తుకెళ్లింది. ఇరవై చేతుల్నీ ఏం చెయ్యలేకపోయింది. ఎగువ ఊళ్లలో చెరకుంది గానీ, విద్య దాచుకున్నవాళ్లు పోయి వండే దిక్కులేదు. వీళ్లు వెళ్లి వండిపెట్టారు, కూలి కింద విత్తనపు గడలు అడిగి తెచ్చుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి ఊరు మళ్లీ బెల్లం వాసనేసింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఏటా మొదటి పెనం ఎన్నడూ వండనివాళ్లకే ఇస్తారు. చెడితే ఎవరూ తిట్టరు. ఆ చెడిన బెల్లంలో తొలిముక్క పొయ్యి మూతి దగ్గర నర్సయ్యమ్మకి పెట్టి, "తినప్పా" అంటారు. మిగతాది ఊరంతా పంచుకుని మొహాలు చిట్లించుకుంటూ తింటారు.

ఎప్పుడైనా ఓ ఏడు ఆ మొదటి పెనం పొరపాటున చక్కగా కుదిరిందా, ముసలమ్మలు బుగ్గలు నొక్కుకుంటారు.

"ఓలమ్మో, ఈ ఏడు నర్సయ్యమ్మకి ఏటి పెడతాం?"

వెంటనే ఊరంతా గాలించి, ఇంకా చేతకాని మనిషిని ఒకర్ని పట్టుకొచ్చి, రెండో పెనం వాళ్ల చేతిలో పెడతారు.