నాంచారమ్మ తిప్పిన పలక

"మాస్టారూ, ప్రశ్న అడగడంలో తప్పేముంది? తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు తెలియదంటాడు. అంతే కదా?" అన్నాడు చక్రపాణి. అడగడమైతే ధీమాగానే అడిగాడు కానీ, మాస్టారి కళ్లలోకి మాత్రం చూడలేదు.

సోమసుందరం మాస్టారు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున్నే మా ఊరి లైబ్రరీలో ఏడెనిమిది మందిమి చేరితే పొడుపుకథలు, అక్షరాల చిక్కుముళ్లు కట్టడం నేర్పేవారు. మాలో చక్రపాణిది చురుకైన బుర్ర. వాడికి తలకిందుల అక్షరాల పిచ్చి పట్టింది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో హెచ్, ఐ, ఎన్, ఓ, ఎస్, ఎక్స్, జడ్ అనే ఏడూ తలకిందులు చేసినా చెక్కుచెదరవని, ఎన్-ఓ-ఓ-ఎన్ అని మిట్టమధ్యాహ్నాన్ని రాసి తిప్పినా మధ్యాహ్నమే ఉంటుందని చూపించి అందరినీ ఆశ్చర్యపరిచేవాడు. మన అక్షరాలకు చాలావరకు తలకట్లుంటాయి కనుక తిప్పగానే దొరికిపోతాయి, సున్న ఒక్కటే గట్టెక్కుతుంది అనేవాడు.

ముందురోజు లైబ్రరీ వార్షికోత్సవంలో వాడు పలక పట్టుకుని వేదిక ఎక్కాడు. రెండు ప్రశ్నలయ్యాక, టీ గ్లాసులు అందిస్తున్న అటెండరు బసవయ్యను పైకి పిలిచి మూడో ప్రశ్న చూపించాడు. బసవయ్య ఆ పలకను చాలాసేపు చూసి, "నాకు తెలవదు బాబూ" అన్నాడు. "ఇరవయ్యేళ్లు పుస్తకాలు మోసినా బీరువాకి చదువు రాదు కదా!" అన్నాడు చక్రపాణి. హాలంతా నవ్వింది. ముందు వరసలో కూర్చున్న బసవయ్య మనవరాలు మాత్రం నవ్వలేదు. నేను నవ్వాను, దాచుకోవడమెందుకు. ఆదివారం మేం వెళ్లేసరికి లైబ్రరీకి తాళం వేసి ఉంది. తాళంచెవి బసవయ్య దగ్గర ఉంటుంది. ఇరవయ్యేళ్లలో ఆయన రాకపోవడం అదే మొదలు. అందుకే ఆ రోజు మెట్ల మీద కూర్చున్నాం.

మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ, ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పారు.

అది 1961. ఆ సంవత్సరం అంకెలు తలకిందులు చేసినా అవే. మాస్టారికప్పుడు ఇరవై రెండేళ్లు. పెడన దగ్గర ఒక నేతపల్లెలో కొత్తగా పంతులుగా చేరి, బడి గోడ మీద ఆ నాలుగంకెలనూ పెద్దగా రాయించి, కనబడినవాణ్ణల్లా ఆపి మెడ వంచి చూడమనేవారట. చక్రపాణికున్న పిచ్చే ఆయనకూ ఉండేది. ఆ వీధిలో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. నలభయ్యేళ్లు దాటిన మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లంతా రాట్నాలు తెచ్చుకుని ఆవిడ వసారాలో నేతకు నూలు కండెలు చుట్టుకునేవారు. ఆవిడ గ్రంథాలయం నుంచి నవల తెప్పించుకుని వాళ్లకు చదివి వినిపించేది. బడి మొహం చూడని మనిషి చదువుతుందని తెలిసి పంతులు పొంగిపోయాడు. ఊరి గ్రంథాలయం సభలో తన పొడుపు విప్పడానికి ఆవిడనే పిలిపించాడు.

పలక మీద రాశాడు: "నన్ను ఎటు తిప్పినా నేను నేనే. ఎవరిని?" జవాబు సున్న. పలక నాంచారమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని అందుకుని, అలవాటుగా తలకిందులు చేసుకుని, కళ్లు చికిలించి చూడసాగింది. పంతులికి నవ్వు ఆగలేదు. "అమ్మా, పలక తలకిందులుగా పట్టుకున్నారు! అలా చదవడానికి అన్నీ సున్నలు కావు గదా" అన్నాడు. మగవాళ్లు నవ్వారు, బడిపిల్లలు నవ్వారు. వెనక నుంచి ఒకావిడ, "అయితే ఇన్నాళ్లూ నీ నోటికొచ్చింది అల్లి చెప్పావా నాంచారమ్మా?" అంది. నాంచారమ్మ పమిట చెంగుతో పలక మీద రాత తుడిచేసి బల్ల మీద పెట్టింది. "కండెలు మిగిలిపోయాయి, వెళ్లొస్తాను" అని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

నాలుగోనాడు ఆవిడ తమ్ముడు భావనారాయణ బడికొచ్చాడు. చేతిలో ఆ నవల ఉంది, మధ్యలో గుర్తుగా నూలుపోగు ఉంది. "అక్క ఇది తిరిగిచ్చెయ్యమందండీ పంతులుగారూ. ఇక చదవదంట. ఆడవాళ్లు కూడా ఎవరి వాకిట్లో వాళ్లు చుట్టుకుంటున్నారు" అన్నాడు. వెళ్లబోయి ఆగాడు. "మీకు తెలీక అన్నారు గానీ, అక్కకి చదువొచ్చండీ. చిన్నప్పుడు నాకు పంతుల్ని పెట్టారు, అక్కకి రాట్నం ఇచ్చారు. నేనిటు కూర్చుని చదివేవాణ్ణి, అక్క అటు కూర్చుని కండెలు చుట్టేది. చెయ్యి ఆగితే అమ్మ కేకలేసేది, లేచి ఇటు రావడానికి లేదు. పుస్తకం నా వైపుండేది. అటునించే నేర్చుకుంది. నేను తప్పు చదివితే అటునించే దిద్దేది. తిన్నగా పెడితే మా అక్కకి ఒక్క ముక్క రాదండీ."

ముప్పై నలభై ఏళ్లయినా ఆ మాట తలచుకుంటే తల ఎత్తుకోలేనన్నారు మాస్టారు. ఆ మధ్యాహ్నమే ఆయన నవల పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లి, తప్పయిపోయిందమ్మా, క్షమించమన్నారట. నాంచారమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది. "మీరు తప్పేమన్నారు బాబూ? తలకిందులుగానే పట్టుకున్నాను గదా" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపైనా ఉంటే బాగుండేది. లేదు. ఆవిడ తనే తప్పు చేశాననుకుంటోంది.

పంతులు అంతటితో వదల్లేదు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను బతిమాలి వసారాకు పిలుచుకొచ్చాడు. నాంచారమ్మ రాట్నానికి ఎదురుగా చాప మీద కూర్చుని, పుస్తకం తన వైపు పెట్టుకుని, నూలుపోగు ఉన్న చోటు నుంచి చదవడం మొదలుపెట్టాడు. సిగ్గుతో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. రెండో పేజీలో ఒక వరస దాటేశాడు. రాట్నం ఆగలేదు. అవతలి నుంచి నాంచారమ్మ ఆ దాటేసిన వరస చదివి వినిపించింది. పొల్లు పోకుండా, కామా దగ్గర ఆగి మరీ చదివింది. ఆడవాళ్ల రాట్నాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సభలో వెనక నుంచి మాట విసిరినావిడ తల దించుకుంది.

నవల పూర్తవడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ ఆయనే చదివాడు, తడబడినచోటల్లా ఆవిడ దిద్దింది. ఆఖరి రోజు ఆయన పుస్తకాన్ని తిప్పకుండా, ఆవిడకు తలకిందులుగానే ఉండేలా ఆవిడ ముందుకు జరిపాడు. ఆవిడ ఒక్క క్షణం దాన్ని చూసి, మళ్లీ ఆయన వైపు జరిపేసింది. "మీరు చదవండి బాబూ. నేను వింటాను" అంది.

మాస్టారు అక్కడితో ఆపారు. తాళం వేసిన తలుపు మా వెనకే ఉంది. నిన్న నేను ఎంత గట్టిగా నవ్వానో నాకు గుర్తొచ్చింది.

"తర్వాతైనా చదివిందా మాస్టారూ?" అన్నాడు చక్రపాణి. వాడి గొంతు వాడికే వినబడనంత చిన్నగా ఉంది.

"ఆ ఊళ్లో ఇంకో ఆరేళ్లున్నాను. నలుగురిలో పుస్తకం పట్టుకోగా నేను చూడలేదు."

చక్రపాణి పలక ఉన్న సంచీ భుజాన వేసుకుని లేచాడు. ఎక్కడికని మేం అడగలేదు. వాడు రెండు మెట్లు దిగాక మాస్టారు పిలిచారు.

"బసవయ్య ఇల్లు రైలు గేటు అవతల మూడో సందు. ఆ పలక మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లు."