చిన్న ఉలి చోటు

ఓబులేసుకు చెయ్యి సాగడం లేదు.

పొద్దున్నే ఇంటి వెనక షెడ్డు తాళం తీస్తాడు. టేకు పలకను బల్ల మీదికి ఎత్తుకుంటాడు. అల్మారా తెరిచి చిత్రిక తీసి, బొటనవేలితో దాని పదును చూస్తాడు. పలకను ఒకసారి అరచేత్తో నిమురుతాడు. అక్కడితో సరి. చిత్రికను మళ్లీ దాని చోట్లో పెట్టేసి, తలుపు మూసి, వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఊహ తెలిసినప్పటి నుంచి చెక్కతో బతికిన మనిషి, రంపపు పొట్టు వాసన తగలకపోతే అన్నం సయించని మనిషి. అలాంటివాడు రెండు నెలలుగా ఆ పలక మీద ఒక్క పొర కూడా లేపలేదు.

పోనీ షెడ్డులో ఏమైనా లోపముందా అంటే, నంద్యాల మొత్తం గాలించినా అంత పొందికైన షెడ్డు ఇంకో వడ్రంగికి ఉండదు.

ఓబులేసు జీవితమంతా ఇతరుల షాపుల్లోనే పనిచేశాడు. సొంత పనిముట్లు కొన్ని గోనెసంచిలో, కొన్ని మంచం కింద రేకు పెట్టెలో ఉండేవి. రంపం కావాలంటే ముందు సుత్తి తీయాలి. సుత్తి తీస్తే ఆకురాయి వచ్చి కాలి మీద పడేది. "ఎప్పటికైనా సొంత షెడ్డు వేస్తా. గోడ పొడుగునా అల్మారాలు కడతా. ఒక్కోదానికి ఒక్కో చోటు" అని పెళ్లయిన కొత్తలో భార్యతో అన్నాడు. తర్వాత ఏడాదికి నాలుగుసార్లయినా అంటూనే ఉన్నాడు. సుంకమ్మ ఆ మాట విన్నప్పుడల్లా నవ్వేది.

"అందులో నాకూ ఒక అర కట్టు. నీతో కొట్లాడి అలిసిపోయినప్పుడు పోయి కూచుంటా" అనేది.

చివరికి షెడ్డు లేచింది, పైన రేకులు పడ్డాయి. అల్మారాలకు కొలతలు తీసుకుంటూ ఉండగానే సుంకమ్మకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికని ఆటో ఎక్కిన మనిషి మళ్లీ ఇంటికి తిరిగి రాలేదు.

దినాలు అయిపోయిన మర్నాడే ఓబులేసు షెడ్డులోకి పోయాడు. తల ఎత్తకుండా ఏడాది పాటు పనిచేశాడు. చూసినవాళ్లు, పోనీలే, మనిషి పనిలో పడి తేరుకుంటున్నాడు అనుకున్నారు. అతనూ అలాగే అనుకున్నాడు.

ఏం అల్మారాలవి! బరువైనవి అడుగున, రోజూ చేతికి కావలసినవి ఎదురొమ్ము ఎత్తున అమర్చాడు. పొట్టు లోపలికి దూరకుండా తలుపులు పెట్టి, ఆ తలుపుల్నే లోతుగా కట్టి, వాటి లోపలి వైపు కూడా రంపాలు వేలాడదీశాడు. సొరుగులు చిటికెన వేలితో లాగితే చాలు, చప్పుడు లేకుండా వచ్చేస్తాయి. ప్రతి పనిముట్టునూ చెక్క మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీత వెంటే తొలిచాడు. సుత్తి పట్టే చోట సుత్తే పడుతుంది, ఇంకోటి పట్టదు. ఏదైనా ఒకటి లేకపోతే దాని ఆకారమే అక్కడ గుంటలాగా కనిపిస్తుంది. ఇంట్లో వస్తువు పోవడమన్నది ఇక జరగదు.

జరగదన్న మాట నిజమే. జరగడం లేదు కూడా.

కడపటి తలుపుకు బందు బిగించిన రోజు నుంచీ అతని చెయ్యి ఆగిపోయింది.

ఆ టేకు పలక సుంకమ్మ కోసం కొన్నది. మోకాళ్ల నొప్పులతో పొయ్యి ముందు కింద కూర్చోలేకపోయేది. కాళ్లున్న ఎత్తు పీట ఒకటి చేసిపెట్టమని అడిగింది. "ముందు అల్మారాలు కానీ, పనిముట్లు ఒక దారికి రానీ, ఆ తర్వాత చేసేది నీ పీటే" అన్నాడు. ఆమె సరేనంది. ఇప్పుడు పనిముట్లన్నీ దారికి వచ్చాయి. పీట మీద కూర్చోవలసిన మనిషే లేదు. ఆ పలకను ఇంకోదానికి వాడటానికి మనసొప్పడం లేదు, పీట చేయడానికి చెయ్యి రావడం లేదు. ఆమె గుర్తుకొస్తే ఏడుపైనా రావాలి కదా, అదీ రావడం లేదు.

ఒక శుక్రవారం, నమాజు ముగించుకుని దస్తగిరి మేస్త్రీ వచ్చాడు. ఓబులేసుకు పని నేర్పింది ఆయనే. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర ఉన్నా చూపులో ఇంకా ఆ చురుకు తగ్గలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో ఒక కట్టుబాటు ఉండేది. పనిముట్టు తీసిన చోట పెట్టకపోతే ఆయన తిట్టడు, కొట్టడు. షాపులో పని ఆపేస్తాడు. అది దొరికేదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే, బయట గిరాకీ ఎంత అరిచినా సరే. ఆ భయం ఓబులేసు ఒంట్లో ఇప్పటికీ ఉంది.

మేస్త్రీ ఒక్కో తలుపూ తెరిచి చూశాడు. సొరుగు లాగి, వదిలి, మళ్లీ లాగాడు. ఉలులు పెద్ద నుంచి చిన్న దాకా వరసగా ఉన్న చోట కాసేపు ఆగాడు.

"ఎవురు నేర్పినార్రా నీకింత పని?"

"మీరే కదా మేస్త్రీ."

"నేనా? నా పనిముట్లు ఇప్పటికీ కొట్టంలో మేకులకు ఏలాడతాంటాయి" అని నవ్వాడు మేస్త్రీ. "నీ షెడ్డు చూస్తే, మళ్లీ పుట్టి నీ కాడ పనికి చేరాలనిపిస్తాండాది."

ఇంకో రోజైతే ఓబులేసు ఆ మాటకు పొంగిపోయేవాడే. ఇప్పుడు బల్ల మీది పలక వైపే చూస్తున్నాడు.

"కండ్లు మూసుకోని చెయ్యి చాపినా కావల్సింది దొరుకుతాది మేస్త్రీ. ఒక్కటి కూడా చోటు తప్పలేదు. అయినా పని కావడంల్యా. ఎందుకిట్లయితాంది?"

ఓబులేసు పలక మీద చెయ్యి వేశాడు.

"ఆయమ్మకు పీట చేయాలని కొన్న పలక ఇది. ఇప్పుడెవురికి చేయాల? నాకొద్దు మేస్త్రీ ఇవన్నీ. మీ మనవడు ఈ పనిలోనే ఉండాడు కదా, బండి పంపి ఎత్తుకపొమ్మనండి. పనిముట్లతో పాటు అల్మారాలు కూడా తీసకపొమ్మనండి. ఈ షెడ్డుకు తాళమేసి పడుకుంటా."

ఓబులేసు ఊరికే అనే మనిషి కాదని మేస్త్రీకి తెలుసు. పలకను వేళ్లతో ఒకసారి తట్టి చూశాడు. మంచి చేవ ఉన్న చెక్క.

"ఆ చిన్న ఉలి ఇట్లియ్యి" అన్నాడు.

ఓబులేసు తీసి ఇచ్చాడు. మేస్త్రీ స్టూలు మీద కూర్చుని, చేతికర్రను ఒళ్లో పెట్టుకుని, అడుగున చిట్లిన కొసను ఆ ఉలితో నిదానంగా చెక్కుకున్నాడు. పని అయ్యాక ఓబులేసు ఉలి కోసం చెయ్యి చాపాడు.

"నేను పెడతాలే. నువ్వు పోయి ఆటో పిల్చకరా. నేను లోపల ఇన్ని నీళ్లు తాగొస్తా" అన్నాడు మేస్త్రీ.

తీసిన చోట పెట్టడం నేర్పిన మనిషే ఆయన. ఓబులేసు మారుమాట లేకుండా రోడ్డు మీదికి పోయాడు. ఆటో వచ్చింది. మేస్త్రీ ఎక్కి కూర్చుని, అల్మారాల సంగతి గానీ బండి సంగతి గానీ ఎత్తకుండా, "వచ్చే శుక్రవారం వస్తా" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఓబులేసు అల్మారా తెరిచాడు. ఉలుల వరస చివర, చిన్న ఉలి ఉండవలసిన చోట సన్నటి గుంట ఒకటి కనిపించింది.

ముందు నమ్మలేదు. బల్ల మీద చూశాడు, లేదు. స్టూలు కింద, పొట్టు కుప్పలో వెతికాడు. సొరుగులన్నీ లాగాడు. మేస్త్రీ పొరపాటున జేబులో వేసుకుని పోయాడేమో అనుకున్నాడు. ఉలి జేబులో పట్టదని అతనికి తెలియదా? అయినా అనుకున్నాడు. పెద్దాయనకు వయసు మీద పడింది, మతి తప్పుతోంది అని విసుక్కున్నాడు కూడా. గురువును అలా అనుకోవడం అదే మొదటిసారి. చిన్న ఉలి లేకపోతే ఆ అల్మారా అల్మారానే కాదన్నట్టుంది అతనికి. ఎండెక్కింది. చొక్కా తడిసిపోయింది. కోపం నెత్తికెక్కింది.

ఆ కోపంలోనే షెడ్డు గుమ్మంలోంచి ఇంటి వైపు తిరిగి, ఎప్పుడూ అరిచేటంత గట్టిగా అరిచాడు.

"మే! చిన్న ఉలి యాడ పెట్టినావే?"

అరిచి, జవాబు కోసం ఆగాడు.

షెడ్డు లేని రోజుల్లోనూ ఏళ్ల తరబడి అతను ఇంటి వెనక నిలబడి ఇలాగే అరిచేవాడు. ఎండు కొబ్బరిని చిప్పలోంచి ఊడదీయడానికి ఆ చిన్న ఉలిని మించింది లోకంలో లేదని సుంకమ్మ గట్టి నమ్మకం. పదునంతా పాడుచేస్తున్నావని ఎంత మొత్తుకున్నా వినేది కాదు. వాడాక తెచ్చి ఇవ్వడమనేదీ ఉండేది కాదు. అడిగితే వంటింట్లోంచే గొంతెత్తి, "నన్నడుగుతావేంది? నీ ఉలికి కొబ్బరి తినాలనిపించి నడిచొచ్చింది" అనేది. ఆమె మీద మేస్త్రీ దగ్గర చెప్పుకున్న ఫిర్యాదుల్లో సగం ఆ ఉలివే. పనిలో అంత కట్టుబాటున్న మేస్త్రీ ఆ మాటకు మాత్రం పకపకా నవ్వేవాడు.

ఓబులేసు గుమ్మంలో నిలబడి ఇంకా వింటూనే ఉన్నాడు. ఇంట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

అప్పుడు గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆమె పోయిన రోజు ఏడవలేదు, దినాల్లో ఏడవలేదు, ఏడాది పాటు అల్మారాల్లో తల దూర్చి ఏడవలేదు. ఇప్పుడు పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూసేటంతగా ఏడ్చాడు. సుంకమ్మ కావాలి అతనికి. ఆమె జవాబు కావాలి. ఉలి పోయినా సరే, పనిముట్లన్నీ మొండివైపోయినా సరే, ఒక్కసారి ఆ గొంతు వినిపిస్తే చాలు.

చాలాసేపటికి లేచాడు. కండువాతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి నడిచాడు. ఆమె పోయినప్పటి నుంచి నీళ్లకు, అన్నానికి తప్ప ఆ గదిలో నిలబడింది లేదు.

పొయ్యి పక్కన గూట్లో, గరిటెల మధ్య, చిన్న ఉలి పిడి పైకి కనిపిస్తోంది. సుంకమ్మ ఎప్పుడూ పడేసే చోటే అది. ఆ చోటు గురించి మేస్త్రీకి తానే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

ఓబులేసు దాన్ని తీయలేదు. పిడి మీద వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత షెడ్డులోకి పోయి, చిత్రిక తీసి, పలక మీద పట్టాడు. మొదటి పొర చుట్టుకుంటూ లేచింది.

శుక్రవారం దస్తగిరి మేస్త్రీ చెప్పినట్టే వచ్చాడు. షెడ్డు నేలంతా పొట్టు. అల్మారా తలుపులు రెండు బార్లా తెరిచి ఉన్నాయి. బల్ల మీద ఎత్తు పీట పలక నున్నగా తేలి ఉంది. నాలుగు మూలలా కాళ్లు దిగాల్సిన చోట పెన్సిలు గీతలు ఉన్నాయి. రెండు గుంటలు తొలవడం అయింది, ఇంకా రెండు మిగిలాయి.

మేస్త్రీ కూర్చుని పలకను ఒళ్లోకి తీసుకున్నాడు. తొలిచిన గుంటలోకి వేలు పెట్టి చూసి తల ఆడించాడు. ఎవరి కోసం చేస్తున్నావని అడగలేదు.

"మూల ఇంకొంచెం తీయాల. చిన్న ఉలి యాడ?"

అల్మారాలో ఆ సన్నటి గుంట ఖాళీగానే ఉంది. మేస్త్రీ చూపు అటు పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

ఓబులేసు లేచి నిలబడ్డాడు.

"వంటింట్లో ఉండాది మేస్త్రీ. పని పడినప్పుడల్లా పోయి తెచ్చుకుంటాండా. ఇప్పుడే తెస్తా."

"నిదానంగా తే నాయనా" అన్నాడు మేస్త్రీ. "తొందరేం లేదు."